బాణం గుర్తు మీద నొక్కితే

ఆగవే చినారా, అంత పరుగెందుకు?
నీ వేలు తగిలిందో లేదో గుమ్మం దాటేశాం.
పైన తొడుక్కునే కంబళి జోళ్ళు ఎవరూ ఇవ్వలేదు.
జుల్ఫుగార్ ఉంటే ఈపాటికి
తాళాల గుత్తి గలగలలాడించి
మనిద్దర్నీ మళ్ళీ గేటుదాకా నడిపించేవాడు.

మెట్లేవే?
నేల మీద తెల్ల బాణం, దాన్ని నొక్కావు,
కిందున్నవాళ్ళం పైనున్నాం.
నా రెండు మోకాళ్ళూ ఆ మెట్లకే ఇచ్చాను,
ముప్పై ఒక్క ఏళ్ళు
నిండు బాల్చీతో ఎక్కి, మురికినీళ్ళతో దిగి.
ఏడో మెట్టు కిర్రుమనేది.
పై అధికారి వస్తున్నాడని ముందుగా చెప్పేది
మహల్ మొత్తంలో అదొక్కటే.
దాన్ని కూడా మింగేసింది నీ బాణం.

ఎవరిదా గొంతు?
ఏ ఖాన్ కట్టించాడో, ఏ ఖాన్ పారిపోయాడో
తేనె పూసినట్టు చెబుతోంది.
జనవరిలో ఈ గదిలో
బాల్చీ నీళ్ళ మీద పొర కట్టేదని
దానికెవరూ చెప్పినట్టు లేదు.
నోరు మూయించు.

సరే, తిప్పు. ఇంకాస్త. అదిగో షెబెకె.
మేకు లేదు, జిగురు లేదు,
చెక్కముక్క చెక్కముక్కని పట్టుకుని
నడుమ రంగుటద్దాన్ని ఒడిసిపట్టిన కిటికీ.
మరి ఇందులో పొద్దు కదలదేం?
ఎరుపు ఎంతసేపటికీ ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది.
పదకొండింటికి అక్కడే పడుతుంది, నిజమే.
మధ్యాహ్నానికి గది నడిమికి పాకుతుంది,
మూడింటికి నీలం వచ్చి తరిమేస్తుంది.
నేను గడియారం చూసి ఎరగను.
నీలం నా చీపురు మీదికెక్కిందంటే
ఇంటికి పోయి మీ అమ్మకు పాలు కాచే వేళయిందని లెక్క.

పెద్దది చెయ్యి, ఆ మూల. మరక.
ఇలా తే, తలగుడ్డ చెంగుతో
పోదేం?
నవ్వకు.
నీ పలక మీదిది కాదా, గోడ మీదిదా!
ఆ రోజు నన్ను తుడవనిస్తేగా.

బాకు నుంచి వచ్చారు
మూడు కాళ్ళ మీద గిర్రున తిరిగే కన్నొకటి పట్టుకుని.
"తుకెజ్బాన్ ఖాలా, బొమ్మలో పడతావు, తప్పుకో."
అదటు తిరిగితే నేనిటు,
అదిటు తిరిగితే నేనటు,
గానుగెద్దులా దాని వీపు వెనకే
గది గదికీ తిరిగాను.
అందుకే ఈ మహల్లో ఏ గదిలోనూ నేను లేను.
ప్రతి గదిలోనూ, సరిగ్గా
నువ్వు నిలబడి చూస్తున్న చోటికి వెనకాలే ఉన్నాను.

ఉండు. ఉండు.
ఆ కిటికీ గట్టు మీద
సన్న నడుము టీ గ్లాసు.
నాదే. అడుగున రెండు గుక్కలు,
పక్కన సగం కొరికిన చక్కెర బిళ్ళ.
ఏం, వాళ్ళకి రాస్తావా? రాస్తే చెరిపేస్తారా?
రాయకు.
ఖాన్‌గారి హుక్కా ఎలాగూ మిగల్లేదు,
నా గ్లాసైనా ఉండనీ.

ఇంకా ఎటు తిరుగుతుందిది?
పైకా?
పైకి కూడానా?
తిప్పు.

అమ్మో.
ఇదంతా ఇక్కడే ఉందా
ఇన్నేళ్ళూ నా నెత్తి మీద?
నేలంటావా, ఏ పగులులో ఏ దుమ్ము దాక్కుంటుందో
కళ్ళు మూసుకుని చెబుతాను.
మెడెత్తితే బాల్చీ తొణుకుతుందనీ,
తొణికితే మళ్ళీ మొదట్నుంచీ అనీ,
వచ్చినవాళ్ళంతా పైకి చూసి నోరు తెరిస్తే
నేను వాళ్ళ అడుగుజాడలు తుడిచాను.

దానిమ్మలు. కొమ్మలు. ఒకటే ఆకుపచ్చ.
ఆ చివరి పిట్టని దగ్గరికి లాగు.
ఒక కాలే ఉంది చూశావా?
రెండోది గీయలేదు మహానుభావుడు.
పరంజా మీద వెల్లకిలా పడుకుని,
కంట్లో రంగు చుక్కలు రాలుతుంటే
తిట్టుకుంటూ గీస్తున్నాడు కాబోలు,
కింది నుంచి ఎవరో కేకేసి ఉంటారు:
"దిగిరావోయ్, రొట్టె చల్లారిపోతోంది."
తిని వచ్చి గీద్దామనుకున్నాడు.

కదపకు, చినారా.
కాసేపు అలాగే ఉండనీ.
నా టీ ఇటందుకో.